ఏ గొడ్డుకు ఈ కసువు

కత్తిరి ఎండలు మొదలై ఆరో రోజు.
మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో లారీల లెక్క రాసి
మురకంబట్టు మలుపులో ఆటో దిగితే
చీర కుచ్చిళ్ళ దాకా ఖాదరు మామిడి వాసన.
గేటు గొళ్ళెం కొంగుతో పట్టుకుని తీశాను.
లోపల
పన్నెండడుగుల పొడుగు, తొమ్మిదడుగుల వెడల్పు,
నా పచ్చిక.

చాపల్లా చుట్టి తెచ్చారు దీన్ని వ్యానులో,
చదరపుటడుగు ఇంతని.
పరుస్తుంటే నవ్వొచ్చింది నాకు.
పదేళ్ళప్పుడు పాకాల దగ్గర వేరుశనగ చేలల్లో
గడ్డి పీకితే కూలి ఇచ్చేవాళ్ళు,
పూటకు రెండు రూపాయలూ ఒక సంగటి ముద్దా.
ఇప్పుడు నాటినందుకు నేనే ఇచ్చాను,
రసీదు కూడా తీసుకున్నాను.

ఐదు రోజులకొకసారి కొళాయి.
బోరు తొమ్మిదొందల అడుగుల కింద
దగ్గుతుంది, తెమడ కూడా రాదు.
నీవా నది వంతెన మీద పోతూ
నీవా? అని రోజూ అడుగుతాను,
బదులివ్వడానికి ఇసుక కూడా మిగల్లేదు.
ట్యాంకరు చెంగల్రాయుడు ఫోనెత్తితే
"యాడుండాయి మేడమ్ నీళ్ళు, రేపు సూద్దాం" అంటాడు.
ఆ రేపు శుక్రవారానికి వస్తుంది.

అందుకని దొంగతనంగా తడుపుతాను.
తెల్లారుజాము నాలుగింటికి, వీధి లైటు ఆరకముందే,
పైపు మూతికి పాత లంగా గుడ్డ చుట్టి.
నీళ్ళు పడే చప్పుడు ఈ నెలలో
మూడిళ్ళ అవతలికి వినబడుతుంది
చంటిపిల్ల ఏడుపులాగా,
ఎవరూ దాన్ని విని నిద్రపోలేరు.
బియ్యం కడుగు, పప్పు కడుగు,
స్నానాల బక్కెట్లో అడుగున మిగిలింది,
ఏసీ గొట్టం రాత్రంతా చుక్కచుక్కగా
నింపిన పెయింటు డబ్బా,
అన్నీ దానికే.
అయినా వేలు మట్టిలో గుచ్చి చూస్తే
మొదటి కణుపు దాకా తడి,
రెండో కణుపు దగ్గర పొయ్యి.

ఒకనాడు గోడవతల నుంచి గొంతు.
"అట్ల పైపైన చల్లితే వేరు మీదికే వస్తాదమ్మా,
ఎండకు మాడతాది.
రెండు దినాలు ఎండగట్టు, మూడోనాడు నిండా పెట్టు.
నీళ్ళు ఎతుక్కుంటా వేరు కిందికి పోవాల."

దేశమ్మ.
నలభై ఏళ్ళు చెరుకుకు నీళ్ళు కట్టిన మనిషి,
ఇప్పుడు పక్క ఖాళీ స్థలంలో రేకుల కింద
రెండు ఆవులతో.
ఎన్ని రోజులుగా వింటోందో నేనడగలేదు.
పైపు మడిచి పట్టుకున్నాను,
అది చేతిలో పాములా బిగుసుకుంది.

గేటు తీసుకుని లోపలికొచ్చింది.
చెప్పులు బయటే విప్పింది, పేరంటానికి వచ్చినట్టు.
తడి మీద అడుగు పెట్టి కాసేపు కదల్లేదు.
ఆ బీటల మడమలు నీళ్ళు తాగడం
నాకు వినబడిందనుకున్నాను.
తర్వాత వంగి, ఒక పిడికెడు తుంచి, వాసన చూసి
అడిగింది, ఎగతాళి కాదు, నిజంగానే,
"ఏ గొడ్డుకమ్మా ఈ కసువు?"

కళ్ళకు, అందామనుకున్నాను.
సాయంత్రం కుర్చీ వేసుకుని
ఊరికే చూడ్డానికి, అందామనుకున్నాను.
కసువు అనే మాట నాలుక మీద
అటూ ఇటూ పొర్లింది.
మా సీమలో ఊడ్చి పారేసేదీ కసువే,
ఆవు ముందు వేసేదీ కసువే.

"కోసుకో దేశమ్మా," అన్నాను.
"ఇప్పుడొద్దు. మూడు దినాలు నీళ్ళు పట్టనీ," అంది.

మంగళవారం కొడవలితో వచ్చింది.
అంతా కోస్తే అరగంప కాలేదు.
ప్రహరీ మూల జానెడు చచ్చిపోయి ఉంది,
దాని జోలికి పోలేదు ఆమె, నేనూ పోలేదు.
పైపు మూతికున్న గుడ్డ విప్పి
ఇల్లు తుడవడానికి వేశాను.

పొద్దున గోడ మీద చెంబెడు పాలు.
పొయ్యి మీద పెట్టి చూస్తే
పల్చగా ఉన్నాయి.
నా నీళ్ళే కాబోలు,
చుట్టు తిరిగి వచ్చాయి.